చేతికర్రలో బీట కనబడితే: ఏది పూడ్చాలి, ఎలా పూడ్చాలి

కొమ్మ కొట్టి, నెలల తరబడి ఆరబెట్టి, బెరడు తీసి సాపు చేశాక దానిలో సన్నని బీటలు కనబడటం కొత్తేమీ కాదు. గుండ్రటి కొమ్మను చీల్చకుండా చేతికర్రగా మలిస్తే ఎక్కడో ఒకచోట పగులు రావడమే ఎక్కువ. కంగారుపడి పొయ్యిలో పెట్టాల్సిన పని లేదు, అలాగని ఫెవిక్విక్ పోసి పాలిష్ కొట్టేసి ఇంట్లో పెద్దాయన చేతికి ఇచ్చేయడమూ కాదు. ఆయన మెట్టు దిగుతూ తూలినప్పుడు ఒంటి బరువంతా ఒక్కసారిగా ఆ కర్ర మీదే పడుతుంది. అందుకే పగులును కనబడకుండా చేయడం రెండో పని. ఈ కర్ర మనిషిని మోస్తుందా లేదా తేల్చుకోవడం మొదటి పని. కింద చెప్పేది సుమారు అంగుళం లావు, అంటే 22 నుంచి 25 మి.మీ. మందం ఉండే కర్రల గురించి. అంతకంటే సన్నవాటికి ఇక్కడి కొలతలన్నీ ఇంకా కఠినంగా తీసుకోండి.

పగులు ఎటు పోయిందో చూడండి

మధ్యాహ్నపు వెలుగు నేరుగా పడితే సన్నని బీటలు దాక్కుంటాయి. కిటికీ పక్కన, వెలుతురు ఏటవాలుగా పడేచోట కర్రను నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ఇంకా అనుమానంగా ఉంటే పాలిష్‌లో కలిపే స్పిరిట్‌తో గుడ్డ తడిపి ఒకసారి తుడవండి. పైన ఉన్న స్పిరిట్ క్షణాల్లో ఆరిపోతుంది, బీటలోకి దిగింది మాత్రం కాసేపు ఉంటుంది, కాబట్టి నల్లటి గీతలా బయటపడుతుంది. ఆ గీతకు రెండు కొసలా పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టి, పక్కన తేదీ వేయండి. ఈ తేదీతో తర్వాత పని ఉంది.

కర్ర పోగు (చెక్కలోని నార సాగే దారి) వెంట నిలువుగా సాగే పగులు అన్నిటికన్నా మామూలుది. ఆరేటప్పుడు వచ్చేది ఇదే. లోతు తక్కువైతే కర్ర బలం పెద్దగా తగ్గదు. మనం బాగుచేయబోయేది ప్రధానంగా దీన్నే.

ఏటవాలు పగులు వేరే సంగతి. ఒక పక్కన మొదలై, చుట్టూ తిరిగి, అరడుగు కింద రెండో పక్కన బయటపడితే అక్కడ పోగు కర్ర పొడవునా సాగడం లేదని అర్థం. బరువు పడితే ఆ వాలు వెంటే జారి రెండు ముక్కలవుతుంది. ఎంత మంచి జిగురు పెట్టినా అలాంటి కర్రను ఊతానికి ఇవ్వకండి.

అడ్డంగా, చర్మం మీద ముడతలాంటి సన్నని గీత కనబడితే మరీ ప్రమాదం. కర్రను ఎప్పుడో బలంగా వంచినప్పుడో, చెట్టు మీద నుంచి కింద పడినప్పుడో లోపలి పోగులు నలిగిపోయి ఉంటాయి. చూడటానికి గోటితో గీసినట్లే ఉంటుంది. విరిగేటప్పుడు మాత్రం చప్పుడు లేకుండా, ఒక్కసారిగా విరుగుతుంది. దాన్ని పక్కన పెట్టేయండి, ఇక చర్చ అనవసరం. కొసన చూస్తే వలయం వెంట పొర విడిపోయినట్లు కనిపించే పగులుదీ ఇదే దారి.

ముడి దగ్గరి బీటలను బట్టి ముడి సంగతి తెలుస్తుంది. ముడి చుట్టూ ఉన్న చెక్కతో కలిసిపోయి, మధ్యలో చిన్న నక్షత్రంలా బీటలుంటే భయం లేదు, జిగురుతో సరిపోతుంది. ముడి నల్లబడి, వేలితో నొక్కితే కదులుతూ, కర్ర మందంలో మూడో వంతు కంటే పెద్దదైతే ఆ చోట కర్ర సన్నబడినట్లే లెక్క.

ఇక లోతు. కుట్టుసూది కన్నా సన్నని తీగను, గిటారు తీగ ముక్క అయితే మరీ మంచిది, పగులులోకి మెల్లగా దించి ఎంతవరకు పోతోందో చూడండి. 5, 6 మి.మీ. లోపు ఆగితే జిగురు చాలు. నడిమి దవ్వ (కొమ్మ నట్టనడుమ ఉండే మెత్తటి భాగం) దాకా పోతే జిగురుతో పాటు పైన కట్టు కూడా పడాలి. ఒక పక్క పగులు, సరిగ్గా దాని ఎదుటి పక్క ఇంకో పగులు ఉండి రెండూ లోపల కలిసినట్లనిపిస్తే ఆ కర్ర ఇప్పటికే రెండు బద్దలు. దాన్ని టమాటా మొక్కకు ఊతంగా పెట్టుకోండి, మనిషికి వద్దు.

చప్పుడు కూడా చూడండి. కర్రను పైనుంచి మూడో వంతు దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని రాతి గచ్చు మీద తట్టండి. గట్టి కర్ర ఖణేల్ మంటుంది. లోపల విడిపోయినది బొంగురుగా, ఒక్కోసారి జీరగా పలుకుతుంది. ఇది ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం గానీ కంటికి కనబడని పగులును చాలాసార్లు చెవే పట్టిస్తుంది.

అసలు ఎందుకు పగిలింది

చెక్కలోని నీరు పోతున్నకొద్దీ అది కుంచించుకుపోతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవులో తగ్గేది దాదాపు లేదనే చెప్పాలి. నడుమ నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. చుట్టుకొలత వెంట దానికి రమారమి రెట్టింపు తగ్గుతుంది. బాగా నిలకడ గలదని పేరున్న టేకులోనే పచ్చి కర్ర పూర్తిగా ఆరేసరికి చుట్టువైపు సుమారు 5 శాతం, బెరడు వైపు రెండున్నర శాతం తగ్గుదల ఉంటుంది. పై చుట్టు ఎక్కువ బిగుసుకుంటుంది, లోపలిది అంత తగ్గదు. ఎక్కడో ఒకచోట విడిపోక తప్పదు. దవ్వ మధ్యలో ఉన్న నిండు కొమ్మ పగిలేది ఇందుకే. లావు దుంగను చీల్చి, దవ్వను తప్పించి తీసిన బద్దీ నుంచి చేసిన కర్రకు ఈ బాధ చాలా తక్కువ.

సరుగుడు తోటలు కోస్తా పొడవునా ఉన్నాయి, కర్రలు తిన్నగా వస్తాయి, చవక. అందుకే కొత్తవాళ్ల చేయి ముందు దాని మీదకే పోతుంది. కానీ సరుగుడు, జామాయిల్ రెండూ ఆరేటప్పుడు విపరీతంగా పగులుతాయి, మెలి తిరుగుతాయి. వాటితో మొదలుపెట్టి విసిగిపోయే కన్నా జామ కొమ్మతోనో, చింతతోనో, టేకు బద్దీతోనో మొదలుపెట్టండి. తుమ్మ బలమైనదే, చేవ భాగం చేతికర్రకు బాగా పనికొస్తుంది. కాకపోతే దాన్ని తొందరపెడితే పగులుతుంది, నీడలో నిదానంగా ఆరనివ్వాలి.

ఆరిందో లేదో తేల్చుకోకుండా జిగురు ముట్టుకోవద్దు

ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. పచ్చి కర్రలో పగులు పూడిస్తే అది మూసుకుంటుంది గానీ లోపలి ఒత్తిడి అలాగే ఉంటుంది. వారం తిరక్కుండా పక్కనే ఇంకో బీట వస్తుంది, లేకపోతే పూడ్చిన చోటే జిగురు అంచు వెంట విడిపోతుంది.

తేమ కొలిచే మీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా ఫర్వాలేదు. వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ తూకం చాలు. కర్రను తూచి, బరువును కర్ర కొసనే రాయండి. వారానికోసారి తూచండి. వరుసగా మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే మీ ఇంటి గాలికి ఎంత ఆరాలో అంతా ఆరినట్లే. బెరడు తీసిన అంగుళం కర్రకు నీడలో సుమారు ఏడాది పడుతుందని వాడుకలో ఉన్న లెక్క. పూర్తిగా నిజం కాదు, మరీ అబద్ధమూ కాదు.

ఇందాక వేసిన పెన్సిల్ గీతలు ఇప్పుడు చూడండి. పగులు ఆ గీత దాటి ముందుకు పోయి ఉంటే కర్ర ఇంకా కదులుతోంది, ఆగండి. గీత దగ్గరే నిలిచిపోయి ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక కర్రెంత? ఆదిలాబాద్‌లోనో అనంతపురంలోనో మే నెలలో నోరు తెరిచిన బీట, ఆగస్టు ముసురులో దానంతటదే మూసుకుపోయినట్లు కనిపిస్తుంది. మూసుకుపోయింది చూసి బాగైందనుకోకండి. సంక్రాంతి దాటి పొడిగాలి తగలగానే మళ్లీ తెరుచుకుంటుంది. కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో తేమ ఏడాదంతా ఎక్కువే కనుక అక్కడ చేసిన కర్రను హైదరాబాద్ తెస్తే ఒకసారి, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పట్టుకెళ్తే మరొకసారి అది ఆరుతుంది. చలికాలంలో హీటర్లు తిరిగే ఇళ్లలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, ఇక్కడ పదేళ్లు కదలని కర్ర అక్కడ ఒక్క శీతాకాలంలో బీటలు తీయగలదు. కాబట్టి కర్ర ఏ ఊళ్లో వాడతారో అక్కడి గాలికి కొన్ని వారాలు అలవాటు పడనిచ్చి బాగుచేయడం మేలు. అది కుదరకపోతే ఎండాకాలపు పొడి రోజుల్లో, ఏసీ గదిలో రెండు మూడు వారాలు ఉంచి చేయండి.

కోసేయగలిగితే కోసేయండి

బీట కొసలోనే ఉంటే పూడ్చడానికి ముందు ఇది ఆలోచించండి. చేతికర్ర పొడవుకు లెక్క ఉంది. వాడే మనిషి రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడదీస్తే, మణికట్టు మడత దగ్గర నుంచి నేల వరకు ఎంత ఉందో అంత. కర్ర దానికంటే పొడవుంటే, పగిలిన కొసను అరంగుళం చొప్పున రంపంతో కోసుకుంటూ పోండి. కోసిన ప్రతిసారీ స్పిరిట్ గుడ్డతో తుడిచి చూడండి. గీత మాయమైన చోట ఆపండి. కొసల్లో నీరు తొందరగా పోతుంది కనుక అక్కడి పగుళ్లు సాధారణంగా రెండు మూడు అంగుళాలకు మించి లోపలికి పోవు. ఇలాంటి వాటికి రంపాన్ని మించిన మందు లేదు. ఈసారి కొమ్మ కొట్టినప్పుడు రెండు వైపులా మూడేసి అంగుళాలు అదనంగా ఉంచి, కొట్టిన రోజే కొసలకు కరిగించిన మైనమో, మిగిలిపోయిన పెయింటో దట్టంగా పూయండి.

శుభ్రం చేయడం

పగులులో దుమ్ము, పాత పాలిష్, చేతి జిడ్డు ఉంటే జిగురు వాటినే పట్టుకుంటుంది, చెక్కను పట్టుకోదు. పాత బ్లేడు ముక్కతో పగులు గోడలను పోగు వెంట సున్నితంగా గీకండి, వెడల్పు చేయకండి. సైకిల్ పంపుతో గాలి కొట్టి దుమ్ము వదిలించండి. జిడ్డుంటే థిన్నర్‌లో ముంచిన సన్నని బ్రష్‌తో కడిగి గంటసేపు ఆరనివ్వండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కనుక పాత కర్రైనా కొత్త కర్రైనా థిన్నర్ తుడుపు తప్పనిసరి. నీటితో మాత్రం కడగొద్దు. చెక్క ఉబ్బి పగులు మూసుకుంటుంది, మీరు కొలిచిన కొలతలన్నీ తప్పుతాయి.

కర్రకు ఎప్పుడో కొబ్బరినూనె, నువ్వులనూనె పట్టించి ఉంటే ఇబ్బందే. అవి ఆరే నూనెలు కావు, ఏళ్ల తరబడి లోపల అలాగే ఉంటాయి. మూడు నాలుగు సార్లు థిన్నర్‌తో తుడిచి, ఆ గుడ్డకు జిడ్డు అంటడం ఆగాకే ముందుకు పోండి.

పగులును బట్టి జిగురు

ఇక పూడ్చడం. అన్ని బీటలకూ ఒకే జిగురు సరిపోదు. వెడల్పు చూసి తేల్చుకోండి.

వెంట్రుకంత సన్నని బీట, కాగితం కూడా దూరనిది, ఫెవిక్విక్ లాంటి పల్చటి జిగురుకు పనికొస్తుంది. అది నీళ్లలా పలచగా ఉండి బీట వెంట తనంతట తానే లోపలికి పాకుతుంది. పగులుకు రెండు వైపులా మాస్కింగ్ టేప్ అంటించండి, లేకపోతే లేత రంగు చెక్క మీద నల్లటి మరక పడి పాలిష్ కింద కూడా కనబడుతుంది. కర్రను కాస్త ఏటవాలుగా పెట్టి, పై కొస నుంచి ఒక్కో చుక్క వేయండి. చుక్క లోపలికి ఇంకిపోయాక ఇంకో చుక్క. ఇంకడం ఆగేదాకా ఇలాగే. ఆఖరి చుక్క తడిగా ఉండగానే టేప్ తీసేసి, 180 నంబర్ ఎమరీ పేపర్‌తో పోగు వెంట రుద్దండి. ఆ కర్ర పొడి ఆ జిగురులోనే కూరుకుపోయి గట్టిపడుతుంది, రంగు కూడా కలిసిపోతుంది. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది కనుక వానాకాలంలో చాలా తొందరగా బిగుసుకుంటుంది, ఎండాకాలంలో కొంచెం ఓపిక పట్టాలి. రెండు జాగ్రత్తలు: వేళ్లు అంటుకుంటే లాగకండి, గోళ్ల రంగు తీసే అసిటోన్‌తో తడిపి విడదీయండి. ఒలికిన జిగురును నూలు గుడ్డతోనో దూదితోనో తుడవకండి. నూలు తగిలితే ఈ జిగురు ఒక్కసారిగా వేడెక్కి చేయి కాలుతుంది, పొగ కూడా రావచ్చు.

ఈ జిగురు పెళుసు. బీటను అతికిస్తుంది గానీ వంగే చోట తట్టుకోదు. కాబట్టి లోతు లేని బీటలకే దీన్ని ఉంచండి.

వేళ్లతో నొక్కితే మూసుకునే పగులైతే ఫెవికాల్ మేలు. తేమను తట్టుకునే రకం కొనండి, చేతికర్ర వానలో తడవకుండా ఉండదు. కర్రను రెండు చేతులా పట్టుకుని పగులు కాస్త నోరు తెరిచేలా సుతారంగా వంచి, మరొకరిని పాత విజిటింగ్ కార్డు అంచుతో జిగురు లోపలికి తోయమనండి. రెండు మూడు సార్లు తెరిచి, మూసి చేస్తే లోపలికంటా పాకుతుంది. లోతుగా ఉంటే సిరంజి వాడండి. మందుల షాపులో 5 మి.లీ. సిరంజి దొరుకుతుంది, సూది కొస తుంచేస్తే గుచ్చుకోదు. జిగురులో రెండు చుక్కల నీళ్లు కలిపితే సూదిలోంచి సాఫీగా వస్తుంది.

ఇప్పుడు బిగింపు. గుండ్రటి కర్రకు వడ్రంగి క్లాంపులు సరిగ్గా కూర్చోవు, జారతాయి. వాటికన్నా పాత సైకిల్ ట్యూబు మంచిది. అంగుళం వెడల్పు పట్టీలా పొడవునా కోసుకోండి. ముందు పగులు మీద పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, దాని మీద ట్యూబు పట్టీని బాగా సాగదీస్తూ, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా బిగించండి. చుట్టు చుట్టుకూ ఒత్తిడి పెరుగుతూ పోతుంది. అన్ని వైపులా సమానంగా నొక్కే బిగింపు ఇంత చవకగా ఇంకోటి దొరకదు. పగులు కొసలు దాటి రెండేసి అంగుళాలు చుట్టండి. ఒక పూర్తి రోజు విప్పొద్దు. ముసురు పట్టిన రోజుల్లో ఫెవికాల్ ఆరడం బాగా నిదానిస్తుంది, రెండు రోజులు ఉంచండి.

నొక్కినా మూసుకోని పగుళ్లకు, అంటే సుమారు అర మి.మీ. నుంచి ఒకటిన్నర మి.మీ. వరకు ఖాళీ ఉన్నవాటికి, ఫెవికాల్ పనికిరాదు. అందులో నీరు ఆవిరై జిగురు కుంచించుకుపోతుంది, పైన పొర కట్టి లోపల డొల్లగా మిగులుతుంది. ఇక్కడ అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు కావాలి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం కన్నా రాత్రంతా తీసుకునే రకమే బలంగా పట్టుకుంటుంది, లోపలికి దిగడానికి సమయమూ ఇస్తుంది. పెట్టె మీద చెప్పిన పాళ్లలో తీసుకుని, చారలు కనబడకుండా మూడు నిమిషాలు ఆగకుండా కలపండి. సగం సగం కలిపింది ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది.

హెయిర్ డ్రయర్‌తో ముందు కర్రను గోరువెచ్చగా చేయండి, జిగురును కాదు. వెచ్చటి చెక్కను తాకగానే జిగురు పల్చబడుతుంది. చెక్క చల్లారుతున్నప్పుడు దాని రంధ్రాల్లోని గాలి కుంచించుకుని జిగురును లోపలికి లాక్కుంటుంది. మొదట ఏమీ కలపని జిగురును పళ్లపుల్లతో పగులు గోడలకు రాయండి. తర్వాత మిగిలినదానిలో అదే కర్ర నుంచి తీసిన మెత్తటి పొడిని తేనె చిక్కదనం వచ్చేదాకా కలిపి నింపండి. రంపపు పొట్టు వద్దు, అది ముతక. 240 నంబర్ ఎమరీ మీద ముక్కను రుద్ది తీసిన పొడి కావాలి. ఆరాక ఈ ముద్ద చెక్క కన్నా ఒక పాలు ముదురు రంగులోకి వస్తుంది. నల్లటి చేవ కర్రలకు కాస్త కాఫీ పొడి కలిపినా చక్కగా కలిసిపోతుంది. గంట తర్వాత చూస్తే మధ్యలో కొంచెం కుంగి ఉంటుంది, మళ్లీ నింపండి. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోండి, ఈ జిగురు పదే పదే తగిలితే కొందరికి చర్మం మీద దద్దుర్లు లేస్తాయి.

ఒకటిన్నర మి.మీ. దాటితే జిగురు ముద్దతో నింపడం నాకు ఇష్టం ఉండదు. చూపుకు బాగుండదు, చెక్క పెరిగి తరిగే తీరు వేరు, జిగురు తీరు వేరు. అక్కడ అదే కర్ర ముక్క నుంచి తీసిన చెక్క పేడును దింపాలి. సన్నని రంపపు బ్లేడును పగులు వెంట పోనిచ్చి అంచులు ఒక తీరుకు తెచ్చుకోండి. కోసేసిన కొస ముక్క ఉంటుంది కదా, దాని నుంచి చాకుతో పొడవాటి పేడు తీయండి. పేడు పోగు కర్ర పోగు ఒకే వైపు ఉండాలి. ఒక అంచు పల్చగా, ఒక అంచు కాస్త మందంగా ఎమరీ మీద రుద్ది, వేలితో నొక్కితే ముప్పావు వంతు దిగేలా సరిచేయండి. జిగురు రాసి బొటనవేలితోనే దింపండి. సుత్తి ముట్టుకోవద్దు. సుత్తి దెబ్బ పడితే అది పూడ్చే పేడు కాదు, చీల్చే మేకు అవుతుంది, రెండంగుళాల పగులు అరడుగు పోతుంది. ఆరాక పైకి మిగిలిన భాగాన్ని పదునైన ఉలితో పోగు వెంట చెక్కేయండి. బాగా కుదిరితే నెల తర్వాత అది ఎక్కడుందో మీకే వెతుక్కోవాల్సి వస్తుంది.

లక్క గురించి అడిగేవాళ్లుంటారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలను తరిణె మీద తిప్పుతూ లక్క కర్రను అదిమితే, రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. అలా తిప్పి చేసిన నగిషీ చేతికర్రల్లో వెంట్రుక బీటలను లక్క అందంగా కప్పేస్తుంది. చేత్తో చేసిన మామూలు కర్రకూ వేడి చేసిన చాకు కొసతో లక్కను కరిగించి నింపవచ్చు. అయితే అది రంగు పూతే, బలం కాదు. ఎండలో పెట్టిన కారులో కర్ర వదిలేస్తే లక్క మెత్తబడుతుంది, గట్టి దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. లోపల జిగురు పని పూర్తయ్యాక పై మెరుగు కోసం వాడుకోండి.

కట్టు, పొన్ను

దవ్వ దాకా పోయిన పగుళ్లకూ, పిడి కూర్చునే చోట ఉన్న వాటికీ జిగురు మీదే నమ్మకం పెట్టుకోకూడదు. పిడి చోటు మరీ ముఖ్యం. పిడిలోంచి వచ్చే మేకు గానీ మర (స్క్రూ) గానీ కర్ర లోపలికి దిగి, బరువు పడ్డప్పుడల్లా పైకొసను చీల్చడానికి చూస్తుంది. పొడవు సరిపోతే పైన పగిలినంత మేర కోసేసి పిడిని కిందికి దింపి మళ్లీ బిగించండి. ఈసారి మర దించేముందు దానికంటే సన్నని బరమాతో రంధ్రం వేయడం మరవకండి. ఆ పగుళ్లలో సగానికి సగం రంధ్రం వేయకుండా మర తిప్పడం వల్ల వచ్చినవే.

కోయడం కుదరకపోతే కట్టు వేయాలి. మైనం పట్టించిన గట్టి నైలాన్ దారం తీసుకోండి, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరుకుతుంది. దారం ఒక కొసను ఉచ్చులా మడిచి పగులు వెంట పరవండి. రెండో కొసతో దాని మీదుగా, ఉచ్చు నోటి వైపు, చుట్టుకు చుట్టు ఆనుకునేలా బిగించి చుట్టుకుంటూ పోండి. కనీసం అంగుళం వెడల్పు వచ్చాక, చుట్టిన కొసను బయట మిగిలిన ఉచ్చులోంచి దూర్చి, మొదట వదిలిన కొసను లాగండి. ఉచ్చు చుట్ల కిందికి పోయి ముడి దానంతటదే దాగుతుంది. రెండు కొసలూ కోసేసి, పైన పల్చగా అరాల్డైట్ పూస్తే దారం కర్రలో భాగమైపోతుంది. చుట్టే ముందు ఆ చోట దారం మందమంత లోతు గీకి పెట్టుకుంటే చేతికి ఎత్తుగా తగలదు.

కింది కొసకైతే పొన్ను, అంటే లోహపు తొడుగు, వేయడమే సరైన పద్ధతి. రోకలికి వేసినట్లే కర్రకూ ఇత్తడి పొన్ను వేస్తే కొస ఇక విచ్చుకోదు. కంసాలి చేత చేయించవచ్చు. ఏసీ మెకానిక్‌ల దగ్గర మిగిలిపోయే రాగి గొట్టం ముక్కలు కూడా పనికొస్తాయి, ముప్పావు అంగుళం గొట్టం చాలా కర్రల కింది కొసకు సరిపోతుంది. కర్ర కొసను ఆకురాయితో గొట్టంలోకి బిగువుగా దిగేంత తగ్గించి, జిగురు రాసి దింపండి. పొన్ను మీద రబ్బరు బుష్ తొడగండి. వట్టి లోహం గచ్చు మీద జారుతుంది. రబ్బరు లోపల నీరు నిలిచి కొస కుళ్లకుండా, కోసిన ముఖానికి జిగురో మైనమో ముందే పూసి ఉంచండి.

వెదురు చేతికర్రకు పై లెక్కలేవీ వర్తించవు. గణుపుల మధ్య ఒకసారి చీలితే లోపల డొల్ల కనుక జిగురు నిలవడానికి చోటుండదు. లోపల డొల్ల లేని గట్టి వెదురైతే దారం కట్టు వేసి నడిపించవచ్చు. చీలిక గణుపు దాటిందంటే మాత్రం కొత్త వెదురు వెతుక్కోవడమే.

సాపు, పూత

జిగురు పూర్తిగా గట్టిపడ్డాక 120తో మొదలుపెట్టి 180, 240, చివరికి 320 నంబర్ ఎమరీతో రుద్దండి. ఎప్పుడూ పోగు వెంటే. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాక పైకి తేలతాయి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి, జిట్రేగి (రోజ్‌వుడ్) లాంటి కర్రల పొడి చాలామందికి పడదు.

పూతకు మరిగించిన అవిసెనూనె (బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్) బాగుంటుంది. పల్చగా రాసి, పావుగంట తర్వాత తుడిచేసి, రోజు విడిచి రోజు మూడు పూతలు వేయండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. ఫ్రెంచ్ పాలిష్ అందంగా ఉంటుంది గానీ తడి తగిలితే తెల్లబడుతుంది, పిడి మీద చెమటకు నిలవదు. పిడికి పాలియురేథేన్ పూత వేయండి.

బరువు పెట్టి చూడండి

ఎవరి చేతికీ ఇవ్వకముందు ఇది చేయాలి. రెండు దిమ్మలను 60 సెం.మీ. దూరంలో పెట్టి, బాగుచేసిన చోటు మధ్యలోకి వచ్చేలా కర్రను వాటి మీద ఉంచండి. మధ్యలో 25 కిలోల బియ్యం బస్తాను తాడుతో మెల్లగా వేలాడదీయండి. పాదాలు బస్తా కింద ఉండకుండా చూసుకోండి. పది నిమిషాలు ఆగండి. చిటపటమన్న చప్పుడు వచ్చినా, పూత మీద కొత్త గీత కనబడినా అక్కడితో ఆపేయండి. ఏమీ కాకపోతే కర్రను పావు వంతు తిప్పి మళ్లీ చేయండి. పగులు పైకి ఉన్నప్పుడు తట్టుకున్న కర్ర, పక్కకు ఉన్నప్పుడు తట్టుకోకపోవచ్చు. రెండు వైపులా నిలిస్తే గోడ పక్కన నిలబడి, ఒక చేయి గోడకు దగ్గరగా ఉంచుకుని, మీ ఒంటి బరువు కర్ర మీద ఆనించి చూడండి. మీకంటే బరువైన మనిషికి ఇస్తున్నట్లయితే ఆ బరువున్నవారే ఈ ఆఖరి పరీక్ష చేయాలి.

వాడుకలోకి వచ్చిన మొదటి ఏడాది ఎండాకాలం మధ్యలో ఒకసారి, వానలు పోయాక ఒకసారి అదే స్పిరిట్ గుడ్డతో బాగుచేసిన చోటు తుడిచి చూడండి. ఫ్రెంచ్ పాలిష్ వేసిన కర్ర మీద మాత్రం స్పిరిట్ వద్దు, పూత కరిగిపోతుంది, దానికి భూతద్దం చాలు. రబ్బరు బుష్ అడుగు అరిగి నున్నబడితే అప్పుడే మార్చేయండి, మందుల షాపుల్లోనే దొరుకుతుంది.